నలుగురితో కలిసి చేస్తే మా పాప వెనకబడుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. పాపకు ఐదేళ్లు నిండాయి, యూకేజీ చదువుతోంది. ఒక్కతే సంతానం. అక్షరాలు, గుణింతాలు, వంద దాకా అంకెలు, చిన్న చిన్న కూడికలు అన్నీ వచ్చు. ఈ ఏడాది బడిలో నలుగురేసి పిల్లల్ని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఏ పనైనా కలిసి చేయమంటున్నారు. మా పాప గబగబా ముగించేసి మిగతా ముగ్గురి పనీ చూస్తుందట. ‘వాళ్లకు రాదమ్మా, నేనే చేసిచ్చాను’ అంటుంది. వాళ్ల వేగానికి ఇదీ తగ్గిపోతుందేమోనని నా భయం. బడి మార్చేద్దామని మావారు అంటున్నారు. లేకపోతే సాయంత్రం దానికొక్కదానికే ట్యూషన్ పెట్టించి, ట్యాబ్‌లో మంచి యాప్ కొనిద్దామంటారు. ఇంకో సంగతి. మా అక్క కొడుకు, ఏడేళ్లవాడు, రోజూ సాయంత్రం మా ఇంటికి వస్తాడు. ఇద్దరూ బ్లాకులు ముందేసుకున్న కాసేపటికే గొడవ మొదలు. వాణ్ణి రావద్దనలేను, ఈ గోల భరించలేను. ఏం చేయమంటారు?

సమాధానం: బడి అప్పుడే మార్చకండి. మీ అక్క కొడుకును రానివ్వండి. ట్యాబ్ గురించి కాస్త ఆగి మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది పాప అన్న మాట: ‘నేనే చేసిచ్చాను.’ మీ భయానికి ఆధారం ఉంటే అది ఇక్కడే ఉంది. మిగతా పిల్లల వేగం వల్ల మీ పాపకొచ్చే నష్టమేమీ లేదు. కానీ ఒకరు చేసిస్తే ముగ్గురు తీసుకోవడమే ఆ బల్ల దగ్గర జరుగుతుంటే నలుగురికీ నష్టమే. ఒక బల్ల చుట్టూ కూర్చున్నంత మాత్రాన పిల్లలు కలిసి పనిచేస్తున్నట్టు కాదు. ఒకరి ఆలోచన ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పాల్సి రావాలి, ఎదుటివాళ్లు ‘కాదు’ అంటే ఎందుకు కాదో వినాల్సి రావాలి. చిన్నపిల్లల బుద్ధి పెరగడానికి తోటిపిల్లల వల్ల దొరికే గొప్ప మేలు అదే. పెద్దవాళ్లం ఎంత ప్రేమగా నేర్పినా ఆ మేలు మన దగ్గర అంత సులువుగా దొరకదు.

ఎందుకంటే, మీరో టీచరో ‘ఇది ఇంతే’ అంటే ఐదేళ్ల పిల్ల ఒప్పేసుకుంటుంది. అర్థమై ఒప్పుకుందా, అమ్మ చెప్పింది కాబట్టి ఒప్పుకుందా అన్నది దానికే తెలియదు. పక్క పిల్లాడు ‘ఇది ఇంతే’ అంటే మాత్రం ఊరుకోదు. ‘ఎలా?’ అంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే ఈ తేడాను వందేళ్ల కిందటే పట్టుకున్నారు. పిల్లలు గోలీలాడుతుంటే దగ్గర కూర్చుని, ఆట నియమాలు ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని వాళ్లనే అడిగి 1932లో ఒక పుస్తకం రాశారు. పెద్దల మాట దగ్గర తలవంచే పిల్లలు సమవయస్కుల దగ్గర వాదిస్తారనీ, ఆ వాదనలోనే ఎదుటివారి వైపు నుంచి చూడటం అలవడుతుందనీ ఆయన ఉద్దేశం.

ఆయన పనిచేసిన జెనీవాలోనే 1970లలో విలెం డ్వాజ్, గాబ్రియేల్ మున్యీ, ఆన్-నెల్లీ పెరె-క్లెర్మాన్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టారు. వెడల్పు గ్లాసులో రసాన్ని సన్నని పొడుగు గ్లాసులోకి పోస్తే, ఐదారేళ్ల పిల్లలు చాలామంది ‘ఇప్పుడు ఎక్కువైంది’ అంటారు. మీ పాపను అడిగి చూడండి, బహుశా అలాగే అంటుంది. అందులో కంగారు పడాల్సిందేమీ లేదు, ఆ వయసు చూపు అది. అలా అనే పిల్లల చేత తోటిపిల్లలకు వేర్వేరు ఆకారాల గ్లాసుల్లో రసాన్ని సమానంగా పంచమన్నారు. పంచుకునే చోట మాటామాటా వస్తుంది కదా. ‘నాకు తక్కువ పోశావ్’, ‘లేదు, నీ గ్లాసు లావుగా ఉంది’. ఆ తర్వాత ఒక్కొక్కరినే విడిగా పరీక్షిస్తే, ఇలా కలిసి పంచిన పిల్లల్లో చాలామంది ముందటి కంటే మెరుగ్గా ఆలోచించారు.

ఇందులో మీలాంటి తల్లులు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పక్కన ఉన్న పిల్ల తెలివైనదే అయ్యుండాలన్న నియమం లేదు. 1982లో ఏమ్స్, మరే అనే పరిశోధకులు ఇద్దరికీ సరైన జవాబు తెలియని పిల్లల్ని జతచేశారు. కాకపోతే ఇద్దరి తప్పులూ వేరు. ఒకరు ఇది ఎక్కువంటే, ఇంకొకరు అది ఎక్కువంటారు. ఇద్దరూ వాదించుకున్నాక వాళ్లలో కొందరు, ఎవరూ చెప్పకుండానే, సరైన జవాబుకు వచ్చారు. తన జవాబును ఎదురుగా ఉన్న మనిషి నమ్మకపోవడం పిల్లను మళ్లీ ఆ వస్తువుల వైపు చూసేలా చేస్తుంది. ‘వాళ్లకు రాదు’ అనుకునే ఆ ముగ్గురు పిల్లలు మీ పాపకు చేయగలిగిన సాయం ఇది. చేసిచ్చేసి చేతులు దులుపుకుంటే ఆ సాయం దానికి అందదు.

ఇక, వచ్చిన పిల్ల రాని పిల్లలకు చెబుతూ కూర్చుంటే దానికేం ఒరుగుతుందన్న మీ అసలు సందేహానికి వద్దాం. నాలుగైదేళ్ల పిల్లలతో 2008లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. బెథనీ రిటిల్-జాన్సన్, ఆమె సహచరులు పిల్లలకు ఒక వరుస చూపించి తర్వాత ఏమొస్తుందో చెప్పమన్నారు. సరైన జవాబు తెలిశాక, కొందరు పిల్లలు ఆ జవాబును మళ్లీ అన్నారంతే. కొందరు అదెందుకు వస్తుందో తమలో తామే వివరించుకున్నారు. కొందరు పక్కన కూర్చున్న అమ్మకు వివరించారు. అమ్మ ఏమీ నేర్పకూడదు, వినాలంతే. తర్వాత ఇంకాస్త కష్టమైన కొత్త వరుసలిస్తే, అమ్మకు వివరించిన పిల్లలు అందరికన్నా బాగా చేశారు. వినే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు పిల్ల తన ఆలోచనను ముక్కలు చేసి, క్రమంలో పెట్టి, మాటల్లోకి తేవాలి. అలా తెచ్చేటప్పుడు తనకు ఎక్కడ సరిగా తెలియదో దానికే తెలిసిపోతుంది.

కాబట్టి పక్క పిల్లకు ‘ఎందుకు’ చెప్పడం మీ పాపకు చదువే, మంచి చదువు. జవాబు అందించడం మాత్రం దానికి కాలక్షేపం, పక్క పిల్లకు అన్యాయం. ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా మాటల్లో దొరుకుతుంది. ‘ఇక్కడ ఏడు రాయి’ అంటే అందించినట్టు. ‘నీ దగ్గర ఐదు గింజలున్నాయి కదా, ఇంకో రెండు పెట్టి లెక్కపెట్టు, ఎన్నొచ్చాయో చెప్పు’ అంటే వివరించినట్టు. ఐదేళ్ల పిల్లకు రెండోది సహజంగా రాదు, చూపించాలి. మా బడిలో మేం ఒక చిన్న నియమం పెట్టుకున్నాం: సాయం చేసేవాళ్లు ఎదుటివాళ్ల పెన్సిల్ ముట్టుకోకూడదు, వాళ్ల కాగితం మీద రాయకూడదు. నోటితో, గింజలతో, వేళ్లతో ఎంతైనా చెప్పొచ్చు. ఇంతమాత్రం నియమానికే వివరించే మాటలు ఎంత పెరుగుతాయో చూసి తీరాలి.

మీ భయంలో నిజం అసలే లేదని నేను అనను. పిల్లల్ని కలిపి కూర్చోబెడితే చాలు, అంతా మంచే జరుగుతుందని చెప్పే బళ్లతో నాకు పేచీ ఉంది. 1992లో జొనాథన్ టడ్జ్ ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని జతలుగా కూర్చోబెట్టి, తక్కెడలాంటి కర్రకు అటూ ఇటూ బరువులు పెడితే ఎటు వాలుతుందో ఊహించమన్నారు. ఊహించడమే గాని, కర్రను వదిలి చూడటం లేదు. కొందరు మెరుగుపడ్డారు. దాదాపు అంతే సులువుగా కొందరు ఉన్న తెలివినీ పోగొట్టుకుని వెనక్కి వెళ్లారు. సరైన జవాబు తెలిసిన పిల్లలు కూడా, ధీమాగా మాట్లాడే జతగాళ్ల ముందు తమ జవాబును వదిలేశారు. ఎవరిది ఒప్పో తేల్చే ఆధారం చేతిలో లేకపోతే గొంతు పెద్దదైనవాళ్లే గెలుస్తారు.

దీన్నుంచి మీకు రెండు సంగతులు పనికొస్తాయి. పిల్లలకిచ్చే పని తన తప్పును తానే చూపించేదై ఉండాలి. కట్టిన వంతెన కూలాలి, తక్కెడ వాలాలి, పంచిన గింజలు మిగలాలి, అతికించిన పెట్టె మూత పట్టకపోవాలి. అప్పుడు టీచర్ తీర్పు చెప్పాల్సిన అవసరం రాదు, పిల్లలే మళ్లీ మొదలుపెడతారు. రెండోది మీ పాప గురించి. అన్నీ వచ్చన్న పేరున్న పిల్ల ధీమాగా తప్పు చెబితే ఆ బల్ల దగ్గర కాదనేవాళ్లు ఉండకపోవచ్చు. దానికి ఎదురుచెప్పగల ఒక పిల్ల కూడా పక్కన ఉండేలా చూడమని టీచర్‌ను అడగండి.

టీచర్‌ను కలిసినప్పుడు ‘మా పాప వెనకబడుతోంది’ అని మొదలుపెట్టకండి. ఆమె వెంటనే మీ పాప మార్కులు చూపించి పంపేస్తుంది. ఒక పూట ఆ బల్ల పనిని చూడనివ్వమని అడగండి. చూడగలిగితే ఒక్కటే గమనించండి: పని నలుగురికి ఒకటేనా, లేక నాలుగు వర్క్‌షీట్లా? ఎవరి వర్క్‌షీటు వాళ్లకుంటే కలిసి చేయడానికి అక్కడ ఏమీ లేదు, చూసి రాయడం తప్ప. నలుగురికీ కలిపి ఒకే పెద్ద కాగితం, ఒకే కత్తెర, ఒకే గింజల గిన్నె ఉంటే కథ వేరు. నా మాట అడిగితే ఐదేళ్ల పిల్లలకు నలుగురి కంటే ఇద్దరు మేలు. నలుగుర్లో ఇద్దరు మాట్లాడతారు, ఒకరు చూస్తారు, ఒకరు బల్ల కిందికి దూరతారు. వారానికి కొన్ని పనులైనా జతలుగా చేయించమని అడగడం తప్పేం కాదు, ఏ మంచి టీచరూ నొచ్చుకోదు.

పిల్లలే పిల్లలకు నేర్పే పద్ధతి మనకు కొత్త కూడా కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో, చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం నడిపే ఏకోపాధ్యాయ బడులకని చాలా ఏళ్ల కిందటే కార్డుల పద్ధతి ఒకటి తయారుచేశారు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉంటారు. ఎవరి మెట్టు దగ్గర వాళ్లుంటారు. కొత్త పాఠం దగ్గరున్నవాళ్లు టీచర్‌తో, కొంత వచ్చినవాళ్లు తోటిపిల్లలతో, బాగా వచ్చినవాళ్లు సొంతంగా చేసుకుంటారు. దేశంలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ బడులు ఈ పద్ధతిని తీసుకున్నాయి. అందులో నాకు నచ్చేది, ‘తోటిపిల్లలతో’ అన్నది అన్నింటికీ వాడేయకపోవడం. కొత్త విషయం దగ్గర టీచరే ఉండాలి. తొమ్మిదేళ్ల పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో కూడా, ఒక ఊరి పటం చూసి ఏ దారిలో వెళ్తే పనులన్నీ పూర్తవుతాయో ముందే ఆలోచించుకోవాల్సిన పనిలో, తోటిపిల్లలతో కంటే పెద్దవాళ్లతో కలిసి చేసినవాళ్లే బాగా నేర్చుకున్నారు. పెద్దవాళ్లతో నేర్చేవి కొన్ని, తోటివాళ్లతో నేర్చేవి కొన్ని. మీ పాపకు మొదటివి మీ ఇంట్లో పుష్కలంగా దొరుకుతున్నాయని మీ ఉత్తరమే చెబుతోంది.

అందుకే ఒక్కదానికే ట్యూషన్ అంటే నేను వద్దనే అంటాను. పొద్దున్నుంచి పెద్దవాళ్ల మధ్యే ఉండే ఒంటరి పిల్లకు సాయంత్రం ఇంకో పెద్దమనిషిని తెచ్చి కూర్చోబెట్టడం దేనికి?

ట్యాబ్ సంగతి. యాప్ ‘శభాష్’ అంటుంది, నక్షత్రాలిస్తుంది, తప్పయితే మళ్లీ చేయమంటుంది. ‘అలా ఎందుకనుకున్నావ్?’ అని అడగదు, మొహం ముడుచుకోదు, ఒప్పించమని పట్టుబట్టదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పసిపిల్లల మీద చేసిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. చైనా భాష వీడియోలు తెర ముట్టుకుంటే కదిలేలా పెట్టి, కొందరు పిల్లల్ని ఒంటరిగా, కొందర్ని ఇంకో పసిబిడ్డతో కలిపి కూర్చోబెట్టారు. వీడియోలు అవే. ఆ భాష ధ్వనులను నేర్చుకున్న ఆనవాళ్లు జతగా కూర్చున్న పిల్లల మెదడు స్పందనల్లోనే బాగా కనబడ్డాయి. మాటలే రాని వయసులో పక్కన ఇంకో బిడ్డ ఉంటేనే ఇంత తేడా! మీవారి మాట కాదనలేననుకుంటే యాప్ కొనండి, కానీ ఒక ట్యాబ్ ముందు ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. నొక్కేది ఒకరు, ఏది నొక్కాలో ఎందుకు నొక్కాలో చెప్పేది ఇంకొకరు. ఒక్కో ఆటకు మారాలి. కాసేపయ్యాక కట్టేయండి.

ఇక మీ అక్క కొడుకు. మీరు గోల అంటున్న దాంట్లో మీ పాపకు చాలా దొరుకుతోంది. ఇతరుల మనసులో తనకు తెలిసిందే కాక వేరే సంగతి కూడా ఉండొచ్చని పిల్లలకు నాలుగేళ్ల ప్రాంతంలో తెలుస్తుంది. తోబుట్టువులున్న పిల్లలకు ఇది కాస్త ముందే తెలుస్తుందని 1990లలో బ్రిటన్‌లో గమనించారు. తర్వాత క్రీట్, సైప్రస్ దీవుల్లో చూస్తే, సొంత తోబుట్టువులే కానక్కర్లేదు, రోజూ కలిసి మెలిగే పెద్దపిల్లలు, చుట్టాలు ఎంతమంది ఉంటే అంత మేలని తేలింది. పెద్దమ్మ కొడుకు రోజూ ఇంటికి వచ్చే అదృష్టం ఇవాళ ఎంతమంది ఒంటరి పిల్లలకుంది?

గొడవను రెండు రకాలుగా చూడండి. ‘గోడ ఇక్కడ పెట్టాలి’, ‘కాదు, అక్కడ పెడితే పడిపోతుంది’ అనే గొడవ పని గురించింది. అందులో దూరకండి, గొంతులు లేచినా సరే. ‘నువ్వు మొద్దువి’, ‘నీతో ఆడను’, గిల్లడం, లాక్కోవడం మనుషుల గురించింది. అక్కడ వెంటనే దూరండి. వెళ్లాక తీర్పు మాత్రం చెప్పకండి. ‘అన్నయ్య ఏం కట్టాలనుకున్నాడో నువ్వు చెప్పు. చెల్లి ఏం కట్టాలనుకుందో నువ్వు చెప్పు’ అనండి. ఎదుటివాళ్ల ఉద్దేశాన్ని తన నోటితో చెప్పాల్సి వస్తుంది. మొదట్లో ఇద్దరూ తప్పే చెబుతారు, రెండోవాళ్లు దిద్దుతారు. ‘చిన్నపిల్ల కదా, ఇచ్చెయ్’ అని వాణ్ణి నోరుమూయించే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది వద్దు. వాడికి కోపం మిగులుతుంది, మీ పాపకు వాదించాల్సిన అవసరమే పోతుంది.

బ్లాకులు ఇచ్చేటప్పుడు ముందే ఒక పని చెప్పి ఇవ్వండి. ‘ఈ బొమ్మ కారు కింద నుంచి పోవాలి, పైన ఈ పుస్తకం నిలబడాలి, అలాంటి వంతెన కట్టండి’ అంటే ఇద్దరికీ గమ్యం ఒకటవుతుంది. ఊరికే ‘ఆడుకోండి’ అంటే ఇద్దరికీ రెండు కోటలు కావాలి, బ్లాకులేమో ఒకే డబ్బాలో ఉన్నాయి. గొడవ రాకేం చేస్తుంది? జర్మనీలో మూడేళ్ల పిల్లలతో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఇద్దరూ కలిసి తాళ్లు లాగితేనే గోలీలు వచ్చే ఏర్పాటు చేశారు. ఒకరి వైపు ఎక్కువ వచ్చినప్పుడు, కలిసి లాగిన పిల్లలు రెండోవాళ్లకు తమంతట తామే సమానంగా పంచారు. కష్టపడకుండా ఊరికే దొరికినప్పుడు అంతగా పంచలేదు. పంచుకోమని మనం పాఠం చెప్పడం కన్నా కలిసి లాగాల్సిన తాడొకటి ఇవ్వడం మేలు.

ఇంట్లో ఇలాంటివి వెతుక్కోనక్కర్లేదు. వామనగుంటల పీట తీయండి. 14 గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. ఇద్దరినీ ఒక జట్టు చేసి మీరో, నానమ్మో అటువైపు కూర్చోండి. ఏ గుంట తీస్తే ఎక్కడ ఆగుతుందో ఇద్దరూ మాట్లాడుకుని ఒక్క మాట చెప్పాలని పెట్టండి. ఆ గుసగుసల్లో ఎంత లెక్క ఉంటుందో! అష్టాచెమ్మా కూడా అలాగే, ఇద్దరికీ కలిపి ఒకే జట్టు కాయలు. రేపటి దోసెల పిండికి బియ్యం, మినప్పప్పు కొలవమనండి, ఒకరు కొలిస్తే ఇంకొకరు లెక్కపెట్టాలి. ఏడేళ్లవాడికి మాత్రం చెవిలో ఒక మాట వేయండి: ‘చెల్లికి చేసివ్వకు, ఎలాగో చెప్పు.’ పాపకు బడిలో కావాల్సిన అలవాటు ఇంట్లో అన్నయ్య దగ్గరే చూసి నేర్చుకుంటుంది.

సాయంత్రం ‘ఇవాళ ఏం రాశావ్, ఎన్నొచ్చాయ్’ అని అడిగే చోట ‘ఇవాళ ఎవరు నీ మాట కాదన్నారు? ఏమన్నారు?’ అని అడగండి. మొదట్లో చెప్పదు. రోజూ అడిగితే బడిలోనే గుర్తుపెట్టుకుని వస్తుంది. ‘వాళ్లకు రాదు’ అని మళ్లీ అంటే మందలించొద్దు, మెచ్చుకోవద్దు. ‘వాళ్లు ఎలా అనుకుని అలా చేశారో అడిగావా?’ అనండి.

ఒంటరిగా కూర్చునే సమయాన్ని కూడా ఉంచండి. బొమ్మల పుస్తకం తిరగేస్తూనో, మట్టిలో గీతలు గీస్తూనో తనలో తాను మాట్లాడుకునే కాసేపు ఐదేళ్ల పిల్లకు అవసరం. బడిలో కలిసి చేశాక, ఇంట్లో మళ్లీ ప్రతి గంటా జత కట్టించకండి.

సంక్రాంతి సెలవుల దాకా ఇలా నడిపి చూడండి. ఈలోగా పాప బడికి వెళ్లనని ఏడ్చినా, ఆ బల్ల దగ్గర ఎవరైనా దాన్ని కొడుతున్నా, వెక్కిరిస్తున్నా ఆగొద్దు, ఆ రోజే టీచర్‌తో మాట్లాడండి. మీరు రెండుసార్లు అడిగాక కూడా నాలుగు వర్క్‌షీట్లే, ‘నేనే చేసిచ్చాను’లే నడుస్తుంటే అప్పుడు బడి మార్చే సంగతి మీవారితో కూర్చుని ఆలోచించండి. కొత్త బడి చూసేటప్పుడు తరగతి గది బయట కాసేపు నిలబడండి. పిల్లల గొంతులు వినపడుతున్నాయా, టీచర్ గొంతొక్కటే వినపడుతోందా చూసుకుని ఫీజు కట్టండి.